దైవశాస్త్ర విద్య – దాని స్వరూపము, ప్రయోజనము

ఏటేట పరీక్షలు ముగిసిన పిమ్మట మా విద్యార్థులలో ఒకరిద్దఱైనను వచ్చి మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. వైద్యుడు కాగోరువానికి వైద్య కళాశాల యున్నది. ఉపాధ్యాయుడు కాగోరువానికి శిక్షణ కళాశాల యున్నది. సంఘమునకు గురువు కాగోరువాడు ఏ కళాశాలకు పోవలెను, అక్కడ వానికి ఏమి నేర్పుదురు అని వారి ప్రశ్న. వారి తలిదండ్రులు వేయు ప్రశ్న వేఱు. బైబిలు గ్రంథము ఇంటనే యున్నది గదా, చదువను ప్రార్థింపను వచ్చిన పిల్లవానికి మఱి నాలుగైదేండ్ల చదువేల, పట్టమేల అని వారు సందేహింతురు. ఈ రెండు ప్రశ్నలును ఉచితమైనవే. తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గ్రామములనుండి వచ్చు మన బాలబాలికలకు ఉపయోగపడునను తలంపుతో వీనికి మాకు తెలిసినంతవఱకు సమాధానము వ్రాయుచున్నాము.

మొదట పేరును గుఱించి కొంత విచారింతము. మన సంఘములలో ఈ విద్యకు వేదాంత విద్య యనియు, దైవశాస్త్రమనియు రెండు పేర్లు వాడుకలో నున్నవి. వేదాంతమనగానే తెలుగువారికి ఉపనిషత్తుల విచారణయు, శంకర రామానుజ మధ్వాచార్యుల సిద్ధాంతములును స్ఫురించును. కావున ఈ వ్యాసమున దైవశాస్త్రమను మాటనే వాడుచున్నాము. దేవుని గుఱించియు, దేవునికిని లోకమునకును గల సంబంధమును గుఱించియు క్రమముగా విచారించు శాస్త్రమని దాని యర్థము. భక్తి వేఱు, శాస్త్రము వేఱు. భక్తుడు దేవునితో మాటలాడును. శాస్త్రజ్ఞుడు దేవుని గుఱించి మనుష్యులు పలుకు మాటలను పరీక్షించును. ఒక్క మనుష్యునియందే ఈ రెండును ఉండవచ్చును, ఉండవలెను. కాని యొకటి రెండవదాని పని చేయజాలదు.

తొలకరి వానలు కురిసినంతనే జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి పొలములలో జనులు వజ్రములకై నేలపై చూపు నిలిపి వెదకుట మన విద్యార్థులు ఎఱిగినదే. మెఱయు ప్రతి రాయియు వజ్రము కాదు. దొరకిన రాతిని పరీక్షకుని చేతికిచ్చి, అతడు త్రిప్పి త్రిప్పి చూచుచుండగా ఊపిరి బిగబట్టి నిలుచుందురు. ఆ పరీక్షకునికి రాతిపై ద్వేషము లేదు; వజ్రపు విలువ నెఱిగినవాడు గనుకనే యతడు పరీక్షించుచున్నాడు. దైవశాస్త్ర విద్యార్థి చేయు పనియు నిట్టిదే.

ఇట్టి విచారణ క్రైస్తవులకు మాత్రమే చెందినదని యెవరును తలంపరాదు. మనకు పొరుగున తుంగభద్రాతీరమందలి మంత్రాలయమున 1671వ సంవత్సరమున బృందావనస్థులైన రాఘవేంద్రస్వామివారిని యాత్రికులు మహిమలనుబట్టి తలంతురు. పండితులు వ్యాఖ్యాతగా తలంతురు. బ్రహ్మసూత్రముల యర్థమును తెలుపుచు మధ్వాచార్యులు అనువ్యాఖ్యానమును రచించిరి. దానికి జయతీర్థులు న్యాయసుధను, ఆ న్యాయసుధకు రాఘవేంద్రులు పరిమళమను వ్యాఖ్యను రచించిరి. ముస్లిము పండితులు ఖురాను భావమును అరబ్బీ వ్యాకరణముతో కూడ అభ్యసింతురు. ఏ మతమునందైనను పవిత్రగ్రంథమును ప్రేమించువారు దాని ప్రతి పదమును నిలిపి ప్రశ్నించిరి. మన సీమలో ఇది పరదేశపు వింత కాదు.

ఇక విశ్వవిద్యాలయముల మాట. ఐరోపాలో ప్యారిసు, ఆక్స్‌ఫర్డు మొదలగు ప్రాచీన విశ్వవిద్యాలయములు వెలసిన కాలమున దైవశాస్త్రము ప్రధాన విద్యలలో నొకటిగా నుండెను. న్యాయము, వైద్యము దాని ప్రక్కన నిలిచెను. ఆ సంప్రదాయపు గాలి మన తెలుగుభాషకు సోకిన విధము విచిత్రమైనది. జర్మను దేశమందలి హాల్లే నగరమునుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనునతడు తరంగంబాడిలోను, తరువాత మద్రాసులోను ఉండి తెలుగు నేర్చి, బైబిలును తెనిగింప పూనుకొనెను. స్వదేశమునకు మరలిన పిదప 1746వ సంవత్సర ప్రాంతమున హాల్లేలో కొన్ని క్రైస్తవోపదేశ గ్రంథములను తెలుగు లిపిలో అచ్చొత్తించెను. అచ్చుపడిన తెలుగు పుస్తకములలో అవియే మొదటివని పండితులు చెప్పుదురు. తెలుగక్షరములు మొట్టమొదట అచ్చుయంత్రము క్రిందికి వచ్చినది తెలుగు గడ్డపై గాక యొక విశ్వవిద్యాలయ నగరమున, దైవశాస్త్రము నిమిత్తము!

హిందూదేశమున ప్రభుత్వము నెలకొల్పిన విశ్వవిద్యాలయముల మార్గము వేఱు. 1854వ సంవత్సరపు విద్యాశాసనపత్రము, స్థాపింపబోవు విశ్వవిద్యాలయ పరీక్షలలో మతవిశ్వాస విషయములు ఉండరాదని నిర్ణయించెను. దాని ననుసరించి 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయము దైవశాస్త్రమునకు పట్టములీయలేదు. పలు మతములవారు గల దేశమున ప్రభుత్వము ఒక మతముయొక్క ఉపదేశమును పరీక్షావిషయముగా చేయకుండుట వివేకమే. తరువాతి కాలమున మద్రాసు, మైసూరు విశ్వవిద్యాలయములలో క్రైస్తవమును అధ్యయనము చేయు శాఖలు ఏర్పడినవి. అచ్చట క్రైస్తవము చరిత్రగాను, తత్త్వముగాను, సమాజాంశముగాను పరిశీలింపబడును. గురువులను తయారుచేయుట వాని యుద్దేశము కాదు.

అట్లయిన గురువులు చదువు పట్టము ఎవరిచ్చుచున్నారు? దీనికి వంగదేశమున హుగ్లీనది యొడ్డున గల శ్రీరామపురమునకు, అనగా సేరంపూరునకు, పోవలెను. అచ్చట విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మువ్వురు మిషనరీలు 1818లో నొక కళాశాలను స్థాపించిరి. కేరీ చెప్పులు కుట్టు వృత్తి చేసినవాడు. వార్డు అచ్చుపని చేసినవాడు. వారి కళాశాలలో క్రైస్తవ బాలురు మాత్రమే గాక ఇతరులును చేరవచ్చును. సంస్కృతము, అరబ్బీ మొదలగు భాషలును, పాశ్చాత్య విజ్ఞానమును కలిపి నేర్పుట వారి సంకల్పము. అప్పుడు సేరంపూరు డెన్మార్కు రాజు పాలనలో నుండెను. ఆ దేశపు రాజగు ఆరవ ఫ్రెడరిక్కు 1827 ఫిబ్రవరి 23వ తేదీన ఈ కళాశాలకు పట్టములిచ్చు అధికారమును రాజశాసనముచేత ప్రసాదించెను. అదే సంవత్సరము జులై మాసమున సర్ థామస్ మన్రో మన పత్తికొండలో కలరా సోకి మరణించెనని చరిత్ర చదివినవారు ఎఱుగుదురు. ఆ రెంటిని కలిపి జ్ఞాపకముంచుకొన్నచో తేదీ మఱవరు.

1845లో డేనులు సేరంపూరును ఆంగ్లేయులకు విక్రయించినప్పుడును ఆ యధికారము చెడలేదు. అయినను చాలకాలమది వాడబడక నిదురించెను. 1915లో మొదటిసారి దైవశాస్త్ర పట్టము, అనగా బి.డి., అచ్చట ప్రసాదింపబడెను. 1918లో వంగరాష్ట్ర శాసనసభ సేరంపూరు కళాశాల చట్టమును చేసి, పలు సంఘములవారికి స్థానముగల సెనేటును ఏర్పఱచెను. నాటినుండి దేశమునందలి అనేక దైవశాస్త్ర కళాశాలలు ఆ సెనేటుతో చేరి, దాని పాఠ్యక్రమమును బోధించి, దాని పరీక్షలకు విద్యార్థులను పంపుచున్నవి. కావున మన పిల్లవాడు హైదరాబాదులో చదివినను, బెంగుళూరులో చదివినను, వాని పట్టముపై సేరంపూరు పేరు కనబడును.

తెలుగునాట ఈ విద్య యెట్లు పెరిగెనో సంగ్రహముగా చెప్పుదుము. పందొమ్మిదవ శతాబ్దమున ఏ మిషనుకు ఆ మిషను తన పాఠశాలను వేఱుగా పెట్టుకొనెను. అమెరికను బాప్తిస్టులు నెల్లూరు సీమలోని రామాపట్నమున 1870ల ప్రాంతమున సెమినరీని స్థాపించిరి. కెనడా బాప్తిస్టులు 1882లో సామర్లకోటలో స్థాపించిరి. లూథరనువారికి రాజమహేంద్రవరమున లూథరుగిరియు, ఆంగ్లికనువారికి దోర్నకలును విద్యాస్థానములాయెను. దక్షిణదేశ సంఘములు పలువురు కలిసి 1910లో బెంగుళూరున ఉమ్మడి దైవశాస్త్ర కళాశాలను నెలకొల్పిరి. మన గుత్తి, కడప సీమలలో పనిచేసిన లండను మిషనువారును ఆ యుద్యమమున చేరినవారే. తెలుగునాట అట్టి యైక్యము 1964లో సిద్ధించెను. లూథరనువారు, బాప్తిస్టులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు కలిసి ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలను రాజమహేంద్రవరమున ప్రారంభించిరి. తరువాతి దశాబ్దమున అది హైదరాబాదునకు మార్చబడి, నేటికిని అచ్చటనే నడుచుచున్నది. ఒకరి ప్రభుసంస్కారమున నింకొకరు పాలుపొంద సందేహించిన సంఘముల పిల్లలు ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒకే పాఠము వినుట చిన్న విషయము కాదు.

ఇక అచ్చట ఏమి నేర్పుదురో చూతము. పాత నిబంధన, క్రొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతము, సంఘ చరిత్ర, మతముల యధ్యయనము, పరిచర్య యనునవి ముఖ్య విభాగములు. స్త్రీల స్థితిని గుఱించిన యధ్యయనమును, సమాచార ప్రసారమును తరువాత చేర్చబడినవి. వీనిలో కొన్నింటిని ఉదాహరణములతో వివరింతుము.

మొదట భాషలు. పాత నిబంధన హెబ్రీలోను, కొంత భాగము అరామిక్కులోను వ్రాయబడినది. క్రొత్త నిబంధన గ్రీకులో వ్రాయబడినది. హెబ్రీ కుడినుండి ఎడమకు వ్రాయబడుటచే మొదట విద్యార్థి తికమకపడును. ఆదోనిలో ఉర్దూ చదివిన బాలునికి అది వింత కాదు. భాష నేర్చుటవలన కలుగు లాభమేమనగా, అనువాదమున మఱుగుపడినది కనబడును. యోహాను సువార్త మూడవ అధ్యాయమున ప్రభువు నికొదేముతో మాటలాడునప్పుడు మన తెలుగు బైబిలులో గాలి యనియు, ఆత్మ యనియు రెండు వేఱు మాటలు కనబడును. గ్రీకు మూలమున రెంటికిని "ప్న్యూమ" అను నొక్కటే మాట. హెబ్రీలో "రూఅహ్" అను మాటకును గాలి, ఊపిరి, ఆత్మ యను మూడర్థములు కలవు. ఈ సంగతి తెలిసిన బోధకుడు ఎండకాలపు సాయంకాలమున వీచు గాలిని చూపి, చదువురాని యవ్వకు సయితము ఆ యధ్యాయమును విప్పి చెప్పగలడు. గ్రీకు నేర్చుట గ్రీకు మాటలు వల్లించుటకు కాదు. తెలుగును చక్కగా చెప్పుటకు.

రెండవది ప్రాచీన గ్రంథమును చదువు విధానము. దీనికి దృష్టాంతము మన సీమలోనే, గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున ఎఱ్ఱగుడి రాళ్లపై నున్నది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములవి. 1929 ప్రాంతమున పండితలోకమునకు తెలియవచ్చినవి. మేకలు కాయువారు ఎన్ని తరములుగానో ఆ రాళ్లను చూచుచు వచ్చిరి. చూచుట చదువుట కాదు. బ్రాహ్మీలిపి తెలియవలెను, ప్రాకృతభాష తెలియవలెను. అది చాలదు, అచ్చటి యొక శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును చెక్కబడియున్నవి. ఆ సంగతి నెఱుగనివాడు అక్షరములన్నియు తెలిసియు అర్థమును తలక్రిందులు చేయును. ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏ కాలమున, ఏ కారణముచేత వ్రాసిరి అని శాసనమును గుఱించి యడుగు ప్రశ్నలనే యెషయా గ్రంథమును గుఱించియు, కొరింథీయులకు వ్రాసిన పత్రికలను గుఱించియు అడుగుట కళాశాలలో నేర్పుదురు.

ఈ ప్రశ్నలవలన విశ్వాసము చెడునని కొందఱు భయపడుదురు. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. కావున నొక కఠినమైన ఉదాహరణమునే తీసికొందము. మార్కు సువార్త పదునాఱవ అధ్యాయమున తొమ్మిదవ వచనము మొదలు ఇరువదవ వచనమువఱకు గల భాగము నాలుగవ శతాబ్దమునకు చెందిన రెండు ప్రసిద్ధ ప్రతులలో, అనగా సీనాయి ప్రతిలోను వాతికాను ప్రతిలోను, లేదు. ఆ ప్రతులలో సువార్త ఎనిమిదవ వచనముతో ముగియును. ఆ పంక్తులు తరువాత చేర్చబడినవని పండితులలో అధికసంఖ్యాకుల అభిప్రాయము. మొదటి సంవత్సరపు విద్యార్థి ఇది విని కలవరపడుట సహజము. కాని ఆ భాగమున నున్నదేమి? విశ్వసించువారు పాములను ఎత్తి పట్టుకొందురనియు, మరణకరమైనది త్రాగినను హాని కలుగదనియు చెప్పు మాటలు అందే కలవు.

మన పల్లెలలో పాము కాటు పుస్తకములోని మాట కాదు. వేరుసెనగ చేలలో, రాళ్లకుప్పల నడుమ పనిచేయువారికి అది ప్రతి సంవత్సరపు భయము. ఇట్టి చోట ఒక బోధకుడు ఆ వచనమును చేతబట్టుకొని, కాటుపడిన బిడ్డను ఆసుపత్రికి కొనిపోవనక్కఱలేదు, ప్రార్థన చాలునని చెప్పినచో తల్లి యేమి చేయును? అతడు అయ్యగారు, దైవవాక్యము నెఱిగినవాడు, ఆమె నమ్మును. నమ్మి విషమునకు విరుగుడు దొరకు గడియను పోగొట్టుకొనును. ప్రతులను పోల్చి చూచుట నిరర్థకమైన పాండిత్యమని తలంచువారు ఇక్కడ నొక నిమిషము ఆగి యోచింపవలెను. దైవశాస్త్రము నేర్చిన గురువు ఆ పుటను చింపివేయడు. అందలి ధైర్యవాక్యమును ధైర్యవాక్యముగా చదువును. బిడ్డ కొఱకు ప్రార్థించును. ప్రార్థించుచునే బండి కట్టించి ఆదోనికో గుంతకల్లునకో పంపును.

ఈ విద్యకు మూలప్రయోజనము ఇచ్చటనే యున్నదని మా తలంపు. వైద్యుని తప్పు దేహమునందు కనబడును. ఇంజనీరు తప్పు గోడలో కనబడును. బోధకుని తప్పు పైకి కనబడదు. ఏలననగా వినువారిలో చాలమందికి దానిని పరీక్షించు సాధనము లేదు. వారు నమ్మి విందురు. ఎవరి మాట పరీక్ష లేక నమ్మబడునో, వాడు తన మాటను తానే పరీక్షించుకొన నేర్చియుండవలెను. కానుక వేసినచో వాన కురియుననియు, అప్పు తీరుననియు చెప్పి బీదల మూట విప్పించువారు అన్ని మతములలోను గలరు. అట్టివారి బారినుండి సంఘమును కాపాడవలసినవాడు, లేఖనమును వారికంటె బాగుగా చదివినవాడు కావలెను.

సంఘ చరిత్రయు గతించినవారి తేదీల పట్టిక కాదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమయ్యెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలు, ప్రెస్బిటీరియను సంప్రదాయములవారు అందు చేరిరి. కాని మన కర్నూలు సీమలోని నంద్యాల ప్రాంతమున ఆంగ్లికను సంఘములవారు అనేకులు చేర నిరాకరించిరి. అధ్యక్షుని హస్తనిక్షేపణము లేని గురువు చేతినుండి సంస్కారము పొందవచ్చునా యను ప్రశ్న వారి మనస్సులను కలచెను. కొందఱు పిదప చేరిరి. కొందఱు దీర్ఘకాలము వెలుపలనే నిలిచిరి. ఒకే యూరిలో బంధువులు రెండు పక్షములైరి. అధ్యక్షపదవి యెట్లు పుట్టెను, ఏ శతాబ్దమున ఏ రూపము దాల్చెను అను విషయము పుస్తకములలోని వాదమని యనుకొందుము. ఆ వాదము నంద్యాల పల్లెల గడపలలోనికే వచ్చెను. ఆ నంద్యాలలోనే 2013వ సంవత్సరమున, ఈ. పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘమునకు మొదటి స్త్రీ అధ్యక్షురాలుగా నియమింపబడిరి. చరిత్ర చదివినవారికి ఈ రెండు సంగతులను ఒకదాని ప్రక్క నొకటి ఉంచి ఆలోచించు శక్తి కలుగును. మన బాలికలును దీనిని గమనింపవలెను. ఈ విద్య బాలురకు మాత్రమే యనుకొను కాలము గతించినది.

మతముల యధ్యయనమున విద్యార్థి హైందవ, ఇస్లాము, బౌద్ధాది మతములను వాని గ్రంథములనుండియే నేర్చుకొనును. తన మతమును పొగడుటకై పరమతమును నిందించువాడు తన మతమునకే హాని చేయునను భావము అశోకుని పండ్రెండవ శాసనమున గలదు. ఎఱ్ఱగుడిలో చెక్కబడిన శాసనములలో అదియు నొకటి. మంత్రాలయపు యాత్రికులును, ఆదోని జుమ్మామసీదుకు పోవువారును, మన సంఘస్థులును ఒకే బస్సులో ప్రయాణము చేయుదురు. పొరుగువాని విశ్వాసము తెలియక వానితో సత్యముగా మాటలాడుట యసాధ్యము.

సిద్ధాంత విభాగమున పూర్వుల సిద్ధాంతములతో పాటు మన దేశపు ప్రశ్నలును చర్చింపబడును. 1980లనుండి అరవింద్ నిర్మల్ మొదలగు పండితులు దళితుల యనుభవమును దైవశాస్త్రమునకు మూలముగా తీసికొనవలెనని వాదించిరి. తెలుగు క్రైస్తవులలో అధికభాగము మాల మాదిగ పల్లెలనుండి వచ్చినవారే. వేదము వినుటకు సయితము అధికారము లేదని యొకప్పుడు చెప్పబడినవారి మనుమలు నేడు హెబ్రీ మూలమును చేతబట్టి చదువుచున్నారు. దీనికంటె గొప్ప మార్పు పల్లెలలో మఱియొకటి జరిగెనా యని మేము కొన్ని సార్లు ఆశ్చర్యపడుదుము. ఆ చదువు పొందినవాడు తన పల్లెను మఱవరాదు. మన ప్రాంతమున వానలు తప్పినచో కుటుంబములు సుగ్గికి పోవును. గుంటూరు సీమలో మిరపకాయలు కోయును, ప్రత్తి తీయును. ఇండ్లకు తాళములు పడును, పిల్లల బడి నిలుచును. ఇశ్రాయేలీయుల వలసను, చెఱను గుఱించి కళాశాలలో వ్యాసము వ్రాసిన గురువునకు, సుగ్గికి పోవు తల్లిని గుఱించి చెప్పుటకు మాట లేకపోయినచో ఆ వ్యాసమువలన ప్రయోజనమేమి?

ఇక చేరగోరువారికి కొన్ని విషయములు. బి.డి. చదువు, అంతకుముందు పొందిన విద్యనుబట్టి నాలుగేండ్లు గాని అయిదేండ్లు గాని పట్టుచున్నది. బి.ఏ. గాని బి.ఎస్‌సి. గాని ముగించి చేరుట మేలని మా యభిప్రాయము. ఏలననగా వయస్సు పరిపక్వమగును, మఱియొక జీవనాధారమును చేతనుండును. ఎం.టిహెచ్., ఆ పైన పరిశోధనకు డాక్టరు పట్టము గలవు. సాధారణముగా తన సంఘము పంపినట్లు తెలుపు పత్రమును కళాశాల కోరును. గ్రామమున ఆదివారపు బడిలో నేర్పినవాడు, రోగులను చూడబోయినవాడు ఆ పత్రమునకు అర్హుడు. ఉద్యోగము దొరకలేదు గనుక గురువగుదునని పోవువాడు తనకును సంఘమునకును మేలు చేయడు. ఇంగ్లీషులో గ్రంథములను చదువు శక్తి యవసరము; ఉన్నత పాఠశాలలోనే దినమున కొక పుట చదివి యర్థము వ్రాసికొను నలవాటు చేసికొన్నవాడు అక్కడ తడబడడు. ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు తమ పని మానకయే చదువుటకు సేరంపూరు సెనేటు క్రైస్తవాధ్యయనములలో డిప్లొమా మొదలగు పరీక్షలను నడుపుచున్నది.

తలిదండ్రులకు నొక హెచ్చరిక. డబ్బు చెల్లించినవారికి కొద్ది దినములలోనే పట్టమును, డాక్టరు బిరుదమును ఇచ్చు సంస్థలు నేడు కలవు. గొఱ్ఱెలనమ్మి, నగలు కుదువబెట్టి తెచ్చిన ద్రవ్యమును అట్టివారికి ఈయకుడు. ఈ కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు గాని సెనేటునకు గాని చేరినది, పట్టమిచ్చు అధికారము ఏ చట్టమువలన వచ్చినది, గ్రంథాలయమున్నదా, పాఠము చెప్పువారు ఎవరు అను నాలుగు ప్రశ్నలు అడుగుడు. సమాధానము స్పష్టముగా రానిచోట పిల్లవానిని చేర్పకుడు.

పట్టమొక్కటే గురువును చేయదనుటకు దోర్నకలు అధ్యక్షులగు వి. ఎస్. అజరయ్యగారు సాక్షి. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివియు బి.ఏ. పట్టము పొందలేదు. అయినను 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయాధ్యక్షుడాయెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టమిచ్చెను. పట్టము లేని ఆయన చదువును తక్కువ చేయలేదు. తమిళదేశమునుండి వచ్చి తెలుగు నేర్చెను. తన జీవితకాలమంతయు గ్రామోపదేశకులకును గురువులకును పాఠశాలలు పెట్టి శిక్షణ నిచ్చుటకే పాటుపడెను. చదువు యొక్క విలువ పట్టములో లేదు, చదువు చేయు పనిలో నున్నదని ఆయన యెఱిగియుండెను.

విద్యార్థులారా, మీలో ఈ మార్గమున పోవువారు ఒకరో ఇద్దఱో యుందురు. పోవువారు ప్రశ్నలకు వెఱవకుడు. వెఱచి దాచిన ప్రశ్నయే విశ్వాసమును లోపల తొలుచును. నేర్చిన పెద్ద మాటలను కళాశాలలో విడిచి, వాని సారమును తుగ్గలి పల్లెల తెలుగులో చెప్పుట నేర్చుకొనుడు. పోనివారు సయితము మీకు బోధించువానిని, ఇది ఎక్కడ వ్రాయబడియున్నది, ఎవరికి వ్రాయబడినది, నీవెట్లు ఎఱుగుదువు అని మర్యాదతో అడుగుట నేర్చుకొనుడు. అడుగువారున్న సంఘమున బోధించువాడు చదువక తప్పదు. చదివిన బోధకుడున్న సంఘమున బీదవాడు మోసపోడు.